పనిచేసే చోటే పీజీ ప్రాజెక్టు: టాపిక్ ఉంది కానీ ప్రశ్న తేలడం లేదు, సలహా కావాలి

రాత్రిడ్యూటీ
అందరికీ నమస్కారం. నేను మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మా కోర్సులో థీసిస్ బదులు పనిచేసే చోటే ఒక అప్లైడ్ రీసెర్చ్ ప్రాజెక్టు చేయాలి. అంటే మన వార్డులో నిజంగా ఉన్న సమస్య తీసుకుని, డేటా చూసి, వీలైతే ఏదైనా మార్పు పెట్టి, ఏమైందో రాయాలి. నేను అనుకున్నది మందుల డోసులు మిస్ అవడం గురించి. చార్టుల్లో ఖాళీ గడులు చాలా కనిపిస్తుంటాయి. ఇన్‌చార్జ్ మేడమ్‌కి చెబితే వెంటనే ఒప్పుకున్నారు, పైగా "కొత్త చార్టు తెస్తున్నాం కదా, అది బాగా పనిచేస్తోందని నీ ప్రాజెక్టులో చూపించెయ్" అన్నారు. గైడ్ సార్ మాత్రం కలిసిన ప్రతిసారీ "నీ ప్రశ్న ఏంటి" అనే అడుగుతున్నారు. ప్రస్తుతానికి నా టైటిల్ "వార్డులో మందుల భద్రత: ఒక సమగ్ర అధ్యయనం". చేతిలో ఉన్నది రెండు సెమిస్టర్లే. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_రిజిస్టర్
ముందు ఆ "సమగ్ర" కొట్టేయండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. నేను క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను, ఇలాంటి ప్రాజెక్టులు మా టేబుల్ మీదకి చాలా వస్తాయి. చదివేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఈ పని పూర్తయ్యాక ఈ వార్డులో ఎవరు, ఏ నిర్ణయం, ఇప్పుడు తీసుకుంటున్న దానికంటే వేరుగా తీసుకుంటారు? దానికి జవాబు లేకపోతే అది ఎంత పెద్ద ప్రాజెక్టయినా బైండింగ్ చేయించి అలమరాలో పెట్టుకోవడానికే. మీ గైడ్ అడుగుతున్నదీ బహుశా అదే, ఆయన భాషలో.

సింపుల్‌గా_పాసవుదాం
ఇంత ఆలోచన ఎందుకండీ? వార్డులో ఉన్న నర్సులందరికీ ఒక కేఏపీ ప్రశ్నాపత్రం ఇవ్వండి. నాలెడ్జ్ కొన్ని ప్రశ్నలు, యాటిట్యూడ్ కొన్ని, ప్రాక్టీస్ కొన్ని. ఒక క్లాసు తీసుకోండి, మళ్లీ అదే పేపర్ ఇవ్వండి. మార్కులు పెరుగుతాయి, పీ వాల్యూ (తేడా కాకతాళీయమా కాదా అని అంచనా వేసే అంకె) వస్తుంది, అయిపోయింది. మా బ్యాచ్‌లో సగం మంది అలాగే గట్టెక్కారు.

లెక్కలమాస్టారు
పాసవుతారు, కాదనను. కానీ పాఠం చెప్పిన వెంటనే అదే పేపర్ మళ్లీ ఇస్తే మార్కులు పెరగకపోతేనే ఆశ్చర్యం. అందులో కొత్తగా తెలిసింది ఏమీ లేదు. డోసు ఎందుకు మిస్ అవుతుందో నర్సుకి తెలియక మిస్ అవుతోందా? రౌండ్స్ టైమూ మందుల టైమూ ఒకటే అవడం, ఫార్మసీ నుంచి మందు రాకపోవడం, రోగి స్కానింగ్‌కి వెళ్లి ఉండడం, వీటికి క్లాసు ఏం చేస్తుంది? సమస్య తెలివితక్కువతనంలో ఉందని ముందే తీర్మానించేసుకుని చేసే పని అది. నాకు ఆ డిజైన్ అంటే మంట, క్షమించాలి.

ఫార్మసీ_కౌంటర్
మాస్టారితో ఏకీభవిస్తున్నాను. @రాత్రిడ్యూటీ, మీ చార్టులో ఖాళీ గడి అంటే ఏంటో ముందు తేల్చుకోండి. డోసు ఇవ్వలేదా, లేక ఇచ్చి సంతకం పెట్టడం మర్చిపోయారా? ఈ రెండూ పూర్తిగా వేరు సమస్యలు. మొదటిది రోగికి హాని, రెండోది రికార్డు లోపం, అయితే అదీ చిన్నదేం కాదు, ఖాళీ చూసి తర్వాతి షిఫ్టువాళ్లు రెండోసారి ఇచ్చేస్తే డబుల్ డోసు అవుతుంది. ఇంకా కారణం రాసి ఆపిన డోసులుంటాయి కదా, రోగి నోటితో ఏమీ తీసుకోకూడదని ఆపినవి, వాంతులని ఆపినవి, రోగి వద్దన్నవి, డాక్టరే నిలిపినవి. వాటిని "మిస్" లెక్కలో కలిపేస్తే మీ అంకె ఉబ్బిపోతుంది. ఆపాల్సిన డోసు ఆపడం సరైన పని.

అన్ని మందులూ ఒకటి కాదన్నది ఇంకో విషయం. విటమిన్ బిళ్ల ఒక పూట తప్పితే కొంప మునగదు. ఇన్సులిన్, మూర్ఛ మందులు, పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా, సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రాణాంతకంగా దెబ్బతీసే స్థితి) మొదటి యాంటీబయాటిక్ డోసు, ఇవి టైముకి పడకపోతే రోగి పరిస్థితి నిజంగా దిగజారుతుంది. మొత్తం మందులన్నీ ఎత్తుకోకుండా ఇలాంటి టైమ్ తప్పకూడని గుంపు ఒక్కటే తీసుకుంటే పని సగానికి సగం తగ్గుతుంది, విలువ మాత్రం పెరుగుతుంది.

రాత్రిడ్యూటీ
అమ్మో, ఖాళీ గడిని నేను ఇంతవరకు ఒకే రకంగా చూస్తున్నాను. మరి ఇచ్చారో లేదో ఎలా తెలుస్తుంది? పక్కన నిలబడి చూడాలా?

లెక్కలమాస్టారు
చూడడం అనేది పాత పద్ధతే. 1962లో బార్కర్, మెక్‌కానెల్ అనే ఇద్దరు పరిశోధకులు నర్సుల వెంట పరిశీలకుల్ని పెట్టి మందుల తప్పులు లెక్కపెట్టించారు. స్వచ్ఛందంగా రాసిచ్చే ఇన్సిడెంట్ రిపోర్టుల్లో కనిపించేదానికీ కళ్లతో చూసినదానికీ పొంతనే లేదు, పరిశీలనలో ఎన్నో రెట్లు ఎక్కువ బయటపడ్డాయి. అందుకే రిపోర్టుల సంఖ్య మీద ఆధారపడి ఎవరూ ప్రాజెక్టు కట్టకండి. రిపోర్టులు పెరిగాయంటే తప్పులు పెరిగాయనీ కావచ్చు, జనం ధైర్యంగా రాస్తున్నారనీ కావచ్చు.

కానీ మీరే మీ తోటివాళ్ల పక్కన నిలబడి చూస్తే ఆ పూట అందరూ జాగ్రత్తగానే ఇస్తారు. హాథార్న్ ఎఫెక్ట్ అంటారు, షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924లో మొదలైన ప్రయోగాల పేరు మీద. ఆ ప్రయోగాల అసలు ఫలితాల మీద తర్వాత చాలా వాదనలు జరిగాయనుకోండి, అది వేరే కథ. మీలాంటి చిన్న ప్రాజెక్టుకి నా సలహా: చార్టునే ఆధారంగా పెట్టుకోండి, "కారణం కోడ్ (డోసు ఎందుకు ఆపారో చార్టులో రాసే గుర్తు) లేకుండా ఖాళీగా ఉన్న గడి" అని కొలతకి నిర్వచనం రాసుకోండి, వాడకుండా మిగిలిపోయిన మందుల లెక్కతో కొన్ని చార్టుల్ని సరిచూడండి, చార్టు చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది. ఆ పరిమితిని రిపోర్టులో దాచకుండా రాయండి.

హారం మర్చిపోవద్దు. "ఈ నెల 60 డోసులు మిస్" అంటే ఏమీ అర్థం కాదు. ఇవ్వాల్సిన డోసులు ఎన్ని, అందులో ఎన్ని, ప్రతి 100కి ఎన్ని. వార్డు నిండా రోగులున్న వారానికీ ఖాళీగా ఉన్న వారానికీ పోలిక అప్పుడే కుదురుతుంది.

ల్యాబ్‌మూల
మధ్యలో వస్తున్నాను. నాదీ ఇలాంటి ప్రాజెక్టే, తిరస్కరించిన రక్త నమూనాల మీద. హీమోలైజ్ అయినవి (రక్తకణాలు పగిలిపోయినవి), లేబుల్ లేనివి, ట్యూబ్ మారినవి. హారం విషయంలో మాకు హాయి, వచ్చిన ప్రతి నమూనా సిస్టమ్‌లో ఎక్కుతుంది. నా ప్రశ్న ఎథిక్స్ గురించి. మా దగ్గర ఒకరు "ఇది ఆడిట్, పర్మిషన్ అక్కర్లేదు" అంటారు, ఇంకొకరు "డిగ్రీ కోసం కాబట్టి రీసెర్చే, కమిటీకి పెట్టాల్సిందే" అంటారు. ఎవరి మాట వినాలి?

గైడు_కుర్చీ
నేను ఇలాంటి ప్రాజెక్టులకి గైడ్‌గా ఉంటాను కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను.

ఆడిట్ అంటే ఉన్న ప్రమాణానికి మనం ఎంత దగ్గరగా ఉన్నామో కొలవడం. క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అంటే మన దగ్గరే ఒక మార్పు పెట్టి, కొలుస్తూ, సర్దుకుంటూ పోవడం. రీసెర్చ్ అంటే ఇక్కడ దొరికింది ఇంకోచోట కూడా పనికొస్తుందని చెప్పగలిగే జ్ఞానం వెతకడం. పుస్తకంలో మూడూ వేరు. వార్డులో మూడూ కలిసే ఉంటాయి. ఆ గీత ఎంత మసకగా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని మిషిగన్ ఉదంతం చాలు. పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు బృందం అక్కడి ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం, క్యాథెటర్) ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి అయిదు పనులు పెట్టింది. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు పూర్తి స్టెరైల్ జాగ్రత్తలు, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, వీలైనంతవరకు తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. 103 ఐసీయూల డేటా, ప్రతి 1000 క్యాథెటర్ రోజులకి (రోగులకి ఆ గొట్టం ఉన్న రోజుల మొత్తం) ఇన్ఫెక్షన్ల మధ్యగతం (అంకెల్ని వరసలో పెడితే నడిమి విలువ) 2.7 నుంచి సున్నాకి వచ్చింది. అందులో కొత్త మందు లేదు, కొత్త పరికరం లేదు. అయినా 2007లో అమెరికా ఫెడరల్ పర్యవేక్షణ ఆఫీసు "ఇది మనుషుల మీద రీసెర్చ్, సరైన ఎథిక్స్ సమీక్ష జరగలేదు" అని అభ్యంతరం పెట్టింది, డేటా సేకరణ ఆగింది, పెద్ద రభస అయ్యాక 2008లో మళ్లీ దారిచ్చారు. అంత అనుభవం ఉన్నవాళ్లకే ఆ చిక్కు వచ్చిందంటే విద్యార్థి సొంతంగా "ఇది ఆడిట్‌లెండి" అని తీర్మానించుకోవడం ఏం క్షేమం?

కాబట్టి పని ఇది. ఒక పేజీ సారాంశం రాసి కమిటీకి పంపండి, "దీనికి పూర్తి సమీక్ష కావాలా, మినహాయింపు ఉందా" అని వాళ్లనే రాతపూర్వకంగా అడగండి. మినహాయింపు వస్తే ఆ ఉత్తరమే మీ రక్షణ. డేటా ముట్టుకోకముందే ఇది జరగాలి, తర్వాత వెనక తేదీతో అనుమతి ఎవరూ ఇవ్వరు. చదువుకునే చోటా ఉద్యోగం చేసే చోటా వేర్వేరు కమిటీలు ఉంటే రెండింటినీ అడగాలి. సెమిస్టర్ మొత్తం మింగేసేది ఎక్కువగా ఈ అనుమతుల ఘట్టమే, విశ్లేషణ కాదు.

ల్యాబ్‌మూల
ధన్యవాదాలు సార్. ఉత్తరం ఈ వారమే పెడతాను.

ఫిజియో_పిల్ల
సార్, నాకు వేరే చిక్కు. నేను చిన్న టీమ్‌కి లీడ్‌ని. రోగులు వ్యాయామ సెషన్లకి రావడం మధ్యలో ఎందుకు మానేస్తున్నారో మా థెరపిస్టుల్ని ఇంటర్వ్యూ చేద్దామనుకున్నాను. వాళ్ల డ్యూటీ షెడ్యూల్ వేసేది నేనే. ఇది ఇబ్బందా? అందరూ స్నేహంగానే ఉంటారు మరి.

గైడు_కుర్చీ
ఇబ్బందే అమ్మా. స్నేహంగా ఉండడం వేరు, కాదనగలగడం వేరు. హెల్సింకి డిక్లరేషన్ అని మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనకి నైతిక సూత్రాలున్నాయి, అది 1964 నాటిది, తర్వాత చాలాసార్లు సవరించారు, అందులో సరిగ్గా ఇదే ఉంది: మన మీద ఆధారపడిన వ్యక్తిని అధ్యయనంలోకి తీసుకునేటప్పుడు ఆ సంబంధంతో ఏ లెక్కా లేని వేరే మనిషి సమ్మతి తీసుకోవాలని. అక్కడ రాసింది డాక్టరు, రోగి గురించి అయినా లీడ్‌కీ జూనియర్‌కీ అదే వర్తిస్తుంది. సమ్మతి మాత్రమే కాదు, ఇంటర్వ్యూ కూడా మీరు చేయకండి. సహ విద్యార్థి ఎవరితోనైనా చేయించి, పేర్లు తీసేసిన రాతప్రతి మాత్రం మీరు చదవండి.

పాత_రిజిస్టర్
పేర్లు తీసేస్తే చాలదు సార్. అయిదుగురున్న టీమ్‌లో "15 ఏళ్ల అనుభవం ఉన్న పురుష థెరపిస్టు" అని కోట్ కింద రాస్తే అందరికీ తెలిసిపోతుంది ఆయనెవరో. హోదా, లింగం, అనుభవం మూడూ కలిపి ఎక్కడా రాయకూడదు. కొన్నిసార్లు మాట తీరును బట్టే గుర్తుపడతారు, అలాంటప్పుడు కోట్ వదిలేసి సారాంశం రాసుకోవడమే మంచిది. ఎంత మంచి కోట్ అయినా సరే.

ఇంకో సంగతి, ఇది @రాత్రిడ్యూటీకి కూడా. మీ డేటాలో ఏ షిఫ్టులో ఎవరి డ్యూటీలో ఖాళీలు ఎక్కువో తేలిపోతుంది. మేడమ్ ఒకరోజు వచ్చి "ఎవరు చేస్తున్నారో పేరు చెప్పు" అంటే ఏం చేస్తారు? ఆ రోజు వచ్చాక ఆలోచిస్తే కుదరదు. వ్యక్తుల పేర్లు అసలు సేకరించననీ, మేనేజ్‌మెంట్‌కి మొత్తం అంకెలే వెళతాయనీ ఇప్పుడే ప్రోటోకాల్‌లో (ప్రాజెక్టు ఎలా చేస్తామో ముందే రాసే పత్రం) రాసి ఆవిడ చేత సంతకం పెట్టించుకోండి. మీరు అక్కడే ఉద్యోగం చేయాలి, ప్రాజెక్టు అయ్యాక కూడా.

ఫార్మసీ_కౌంటర్
దీనికొక మినహాయింపు ఉండాలి. డేటా తీస్తుండగా ఇప్పుడే, ఈ రోగికే ఇన్సులిన్ పడలేదని కనిపిస్తే పరిశోధకురాలిని కదా అని రాసుకుని పక్కకి తప్పుకోలేరు. నర్సు బాధ్యత ముందు. అలా జోక్యం చేసుకుంటానని, ఆ కేసుని డేటాలో ఎలా చూపిస్తానని ముందే రాసిపెట్టండి. పాత చార్టులు తీసుకుంటే ఈ సమస్య చాలావరకు ఉండదు.

సింపుల్‌గా_పాసవుదాం
ఇన్ని షరతులు చదివాక నా కేఏపీ పేపరే మేలనిపిస్తోంది 😀 సరే, ఒక నిజమైన డౌట్. మేడమ్ "కొత్త చార్టు పనిచేస్తోందని చూపించు" అన్నారు కదా. చార్టు ముందు నెల, తర్వాత నెల పోల్చి తగ్గిందని రాస్తే తప్పేంటి?

లెక్కలమాస్టారు
మంచి డౌట్. కొత్త చార్టు ఎప్పుడు తెస్తారు? పరిస్థితి బాగా చెడి, ఎవరో పైనుంచి అరిచాక. అంటే "ముందు నెల" మామూలు నెల కాదు, బాగా చెడ్డ నెల. దాని తర్వాత ఏమీ చేయకపోయినా అంకె మామూలు స్థాయికి దిగుతుంది. సగటు వైపు తిరోగమనం అంటారు, గాల్టన్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. రెండు కడ్డీల బొమ్మ గీసి ఆ క్రెడిట్ అంతా చార్టు ఖాతాలో వేస్తారు జనం.

రెండు నెలల బదులు వారం వారం అంకె తీయండి. పాత చార్టులు రికార్డు గదిలో ఉంటాయి కాబట్టి వెనక్కి వెళ్లి ఒక పది, పన్నెండు వారాలు మార్పుకి ముందువి తీయొచ్చు, తర్వాత అన్నే. రన్ చార్ట్ (వారం వారం అంకెల్ని చుక్కలుగా పెట్టి కలిపే గీత) గీసి మధ్యగతం గీత పెట్టండి. గీతకి ఒకే వైపున వరసగా ఆరు లేదా అంతకంటే ఎక్కువ చుక్కలు పడితే ఏదో నిజంగా కదిలినట్టు లెక్క, దీన్ని షిఫ్ట్ అంటారు. వరసగా అయిదు లేదా ఎక్కువ చుక్కలు పైకే లేదా కిందికే పోతుంటే అది ధోరణి. గీత మీదే పడ్డ చుక్కని షిఫ్ట్ లెక్కలోకి తీసుకోరు. కాగితం మీద పెన్సిల్‌తో కూడా చేయొచ్చు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. వార్డు గోడ మీద పెడితే ఆయమ్మకి కూడా అర్థమవుతుంది, పీ వాల్యూ ఎవరికి అర్థమవుతుంది చెప్పండి. అయితే మారిందన్నంతవరకే రన్ చార్ట్ చెబుతుంది, ఎందుకు మారిందో చెప్పదు. ఆ వారాల్లో ఇంకేం జరిగాయో, కొత్త స్టాఫ్ వచ్చారా, రోగులు తగ్గారా, తేదీలతో డైరీ పెట్టుకోండి.

గైడు_కుర్చీ
"చూపించు" అన్న దాని గురించి నేనూ ఒక మాట. మేడమ్ మీద కోపం వద్దు. ఆవిడకి పైవాళ్లకి చెప్పుకోవడానికి ఏదో కావాలి. కర్ర విరగకుండా పాము చావకుండా ఒక మాట ఉంది, "మేడమ్, పనిచేస్తోందో లేదో చూస్తాను, చేయకపోతే ఏ భాగం పనిచేయడం లేదో మీకే ముందు చెబుతాను". చాలామంది దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ టాపిక్ మార్చుకోవడం మంచిది, ఎందుకంటే ఫలితం ముందే రాసేసిన ప్రాజెక్టుకి వైవాలో నిలబడడం కష్టం. ఎగ్జామినర్‌గా చెబుతున్నాను, "తేడా రాలేదు, కారణాలు ఇవి" అని నిజాయితీగా రాసినవాళ్లకి నేను మార్కులు తగ్గించిన సందర్భం లేదు. ఏ మార్పు పెట్టారో ఇంకొకరు చేయగలిగేంత వివరంగా రాయకపోతే మాత్రం తగ్గిస్తాను. "అవగాహన కల్పించాం" అని ఒక్క లైను రాస్తే ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏం చెప్పారు? రాయడానికి స్క్వైర్ మార్గదర్శకాలు ఉన్నాయి, 2008లో వచ్చి 2015లో సవరించినవి, 18 అంశాలు. ఇలాంటి పనులకోసమే తయారుచేశారు. రాయడం మొదలుపెట్టేటప్పుడు కాదు, ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే ఒకసారి చదవండి.

ఫిజియో_పిల్ల
సార్, నా ఇంటర్వ్యూలు థెరపిస్టులతో కాకుండా మానేసిన రోగులతోనే చేస్తే? ఆలోచిస్తే వాళ్లెందుకు మానేశారో వాళ్లకే కదా తెలిసేది.

గైడు_కుర్చీ
అదే సరైన దారి. ఇంకా వైద్యం తీసుకుంటున్నవాళ్లు "కాదంటే చూడరేమో" అని భయపడతారు, మానేసినవాళ్లకి ఆ భయం కొంచెం తక్కువ. ఫోన్ నంబర్లు వాడుకోవడానికి మాత్రం అనుమతి అడగాలి, వైద్యం కోసం ఇచ్చిన నంబరు అది.

రాత్రిడ్యూటీ
అందరికీ చాలా థ్యాంక్స్. మేడమ్‌తో మాట్లాడాను. "చూస్తాను" అన్న మాటకి కాసేపు ముఖం చిట్లించారు కానీ, పేర్లు బయటకి రావని రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. నిజానికి పేర్లు రావు అనేసరికి ఆవిడకే రిలీఫ్ అనిపించినట్టుంది. ప్రశ్న ఇలా మార్చాను: "ఇన్సులిన్, మూర్ఛ మందులు, మొదటి యాంటీబయాటిక్ డోసు, వీటిలో కారణం కోడ్ లేకుండా ఖాళీగా ఉన్న గడులు ఇవ్వాల్సిన ప్రతి 100 డోసులకి ఎన్ని, కొత్త చార్టు వచ్చాక ఆ సంఖ్య వారం వారం మారిందా, ఖాళీలు ఏ సమయంలో, ఎందుకు వస్తున్నాయి?" పాత చార్టులతో మొదలుపెడతాను. కమిటీకి ఒక పేజీ సారాంశం సిద్ధం చేస్తున్నాను. ఇంకేమైనా పొరపాటు కనిపిస్తే చెప్పండి.

లెక్కలమాస్టారు
బాగుంది. కానీ ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. మొదటి రెండూ అంకెలతో తేలతాయి. "ఎందుకు" అన్నది పాత చార్టుల్లో దొరకదు, దానికి మనుషులతో మాట్లాడాలి. రెండు సెమిస్టర్లలో రెండూ బాగా చేయడం కష్టం. "ఏ సమయంలో" వరకు ఉంచి "ఎందుకు" తీసేయమంటాను.

పాత_రిజిస్టర్
నేను ఒప్పుకోను మాస్టారూ. ఎందుకో తెలియకుండా ఏ సమయమో తెలిసి వార్డుకి ఏం లాభం? రాత్రి పదింటి డోసులే ఎక్కువ మిస్ అవుతున్నాయని తేలితే, ఆ ఒక్క సమయం గురించి ఇద్దరు ముగ్గురు నర్సులతో మాట్లాడడం పెద్ద పనేం కాదు. ఆవిడ హోదాలో ఎవరికీ పైన లేరు కాబట్టి ఆ అధికారం చిక్కు కూడా తక్కువ.

లెక్కలమాస్టారు
సరే, అంకెలు వచ్చాక, టైముంటే. ప్రోటోకాల్‌లో మాత్రం ఇప్పుడే పెట్టండి, తర్వాత చేర్చాలంటే మళ్లీ కమిటీ సవరణ.

ఫార్మసీ_కౌంటర్
యాంటీబయాటిక్ మొదటి డోసుని మిగతావాటితో ఒకే లెక్కలో కలపకండి. అది చాలాసార్లు క్యాజువాలిటీలోనే పడుతుంది, ఆ చార్టు మీ వార్డుకి రాకపోతే మీకు ఖాళీగా కనిపిస్తుంది. ముందు ఒక పది పాత ఫైళ్లు తిరగేసి ఆ డోసు ఎక్కడ నమోదవుతోందో చూసుకుని, అప్పుడు ఉంచాలో తీసేయాలో నిర్ణయించుకోండి.

రాత్రిడ్యూటీ
నిజమే, మా దగ్గర క్యాజువాలిటీ షీట్ వేరే ఫైల్లో ఉంటుంది. రేపు రికార్డు గదికి వెళ్లి చూసి చెబుతాను.